విండో ఏసీకి ఏ రిమోటు? ఒరిజినలా, డూప్లికేటా, యూనివర్సలా

ఏప్రిల్ రెండో వారంలో శ్రీకాకుళం నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "దుప్పటితోటి రిమోటు కూడా ఉతికీసినాన్రా. ఎండలో ఎట్టినాను, ఐనా పన్జెయ్యట్లేదు" అంది. ఏసీదా, టీవీదా అని అడిగాను. "టీవీదైతే నీకు ఫోనెందుకు సేస్తాను" అంది.

ఆ ఒక్క విండో ఏసీకి నెలన్నరలో మూడు రిమోట్లు కొన్నాను. ఒకటి మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర, ఒకటి ఆన్‌లైన్లో, ఒకటి శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దాపుల్లో. మొదటి రెండూ దండగే అయ్యాయి. రిమోట్లలో లోపమేం లేదు, అడగాల్సినవి అడక్కుండా కొన్న నాదే తప్పు. ఇప్పుడు చుట్టాల్లో ఎవరి రిమోటు పోయినా నాకే ఫోన్ వస్తోంది కాబట్టి, అందరికీ చెప్పేది ఒక్కచోట రాసేస్తున్నాను.

ముందు, పోయింది రిమోటేనా?

కొత్త సెల్లు వేసి చూడండి. గోడ గడియారంలోంచి పీకినవి కాదు, కొత్తవే. స్క్రీన్ మీద అంకెలు కనిపిస్తున్నాయి కాబట్టి సెల్లు బాగానే ఉన్నాయనుకోవద్దు. అంకెలు చూపించడానికి చాలా తక్కువ కరెంటు చాలు, సిగ్నల్ పంపడానికి అంతకంటే బాగా ఎక్కువ కావాలి.

తర్వాత ఫోన్ కెమెరా తెరిచి, రిమోటు ముక్కు దగ్గరున్న చిన్న బల్బుని అందులో చూస్తూ ఏదో ఒక బటన్ నొక్కండి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కెమెరాలో వంగపండు రంగులోనో తెల్లగానో మెరుస్తుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో ప్రయత్నించండి. వెనక కెమెరాల్లో చాలావాటికి ఆ వెలుగుని ఆపే ఫిల్టరు గట్టిగా ఉంటుంది.

వెలుగు మెరుస్తున్నా ఏసీ బీప్ అనకపోతే అనుమానం ఏసీ మీదకి మళ్ళుతుంది. ప్యానెల్ లోపల మూడు కాళ్ళున్న చిన్న నల్ల ముక్క ఉంటుంది, దాన్నే రిసీవరు అంటారు. అది పాడైతే మీరు పది రిమోట్లు తెచ్చినా పదీ పనిచేయవు. ముక్క ఖరీదు పదుల రూపాయల్లోనే, పైన మెకానిక్ కూలి. కళింగపట్నం, భీమునిపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో రిమోటులోని స్ప్రింగులకీ, బోర్డు మీది టంకాలకీ తుప్పు తొందరగా పడుతుంది. అలాంటిచోట ఈ పరీక్ష అసలు మానొద్దు. పక్కింట్లో అదే మోడల్ ఏసీ ఉంటే వాళ్ళ రిమోటు ఒక్క నిమిషం అడిగి తెచ్చుకుంటే అనుమానం పూర్తిగా తీరిపోతుంది.

ఇంకో సంగతి. మీది చేత్తో తిప్పే రెండు గుండీలున్న పాతకాలం విండో ఏసీ అయితే దానికి రిసీవరే ఉండదు. డబ్బా మీద "అన్ని ఏసీలకూ" అని రాసున్నా అది మీ ఏసీకి వర్తించదు. అలాంటివాళ్ళు దూరం నుంచి ఆన్, ఆఫ్ మాత్రం చేసుకుంటే చాలనుకుంటే ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ తేలికైన దారి. ఆఫ్ చేశాక మళ్ళీ ఆన్ చేయడానికి కనీసం మూడు నిమిషాలు ఆగాలి, లేకపోతే చల్లదనం పుట్టించే కంప్రెసర్ మీద భారం పడుతుంది. ఆరు ఆంపియర్ల ప్లగ్ చవకని కొనకండి, కాలిపోవచ్చు.

ఏసీ రిమోటు చీటీ రాస్తుంది

మొదట్లో నాకు తెలియనిది ఇదే. టీవీ రిమోటులో వాల్యూమ్ నొక్కితే "ఒక మెట్టు పెంచు" అన్న ఒక్క మాట వెళ్తుంది. ఏసీ రిమోటు అలా కాదు. సాధారణంగా మీరు ఏ బటన్ నొక్కినా మొత్తం చీటీ మళ్ళీ రాసి పంపుతుంది: ఆన్‌లో ఉండు, కూల్ మోడు, 24 డిగ్రీలు, ఫ్యాను మధ్యస్థం, స్వింగ్ తిప్పు. ఏసీ ఆ చీటీ చదువుకుని బీప్ అంటుంది. తిరుగు జవాబు మాత్రం పంపదు. అంటే రిమోటు స్క్రీన్ మీద మీకు కనిపించేది రిమోటు రాసిన చీటీ, ఏసీ పరిస్థితి కాదు. మధ్యలో దిండు అడ్డొచ్చి చీటీ చేరకపోతే రిమోటు 24 చూపిస్తుంది, ఏసీ 18 దగ్గరే ఉంటుంది.

దాదాపు అన్ని ఏసీ రిమోట్లూ సెకనుకి సుమారు 38 వేల సార్లు మిణుకుమనే వెలుగుతోనే మాట్లాడతాయి. గొంతు ఒక్కటే, భాషే కంపెనీకొకటి. ఒకే కంపెనీలో కూడా సంవత్సరాన్ని బట్టి, లోపలి బోర్డుని బట్టి భాష మారుతుంది. అందుకే "ఎల్‌జీ రిమోటు ఇవ్వండి", "వోల్టాస్‌ది ఇవ్వండి" అని అడిగితే సరిపోదు.

సగం కుదరడం అన్న చిక్కు కూడా ఇందువల్లే వస్తుంది. ఆన్, ఆఫ్ పనిచేస్తాయి, ఉష్ణోగ్రత మారదు. లేదా ఫ్యాను బటన్ నొక్కితే స్వింగ్ తిరుగుతుంది. చీటీలో కొన్ని మాటలే అర్థమయ్యాయన్నమాట. మొదటిసారి నేను మోసపోయింది ఇక్కడే. కొట్లో ఆన్ చేసి చూపించడానికి అక్కడ ఏసీ లేదు, ఇంటికెళ్ళాక ఏసీ ఆన్ అయింది, ఆనందపడ్డాను. స్వింగ్ తిరగట్లేదని అమ్మ చెప్పేసరికి వారం గడిచిపోయింది, కొట్టువాడు మార్చనన్నాడు.

వేటిని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది అది ఎవరి చేతిలో ఉంటుందని. డెబ్బై ఏళ్ళ మనిషి చీకట్లో తడుముకుంటూ నొక్కే రిమోటు, ఇంజనీరింగ్ కుర్రాడు నొక్కే రిమోటు ఒకటి కావు. ధర తేడా రెండు మూడు వందలే, ఈ తేడా మాత్రం రోజూ రాత్రి ఎదురవుతుంది.

రెండోది, మీ ఏసీ మామూలుదా, ఇన్వర్టరా (కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ నడిపేది)? మామూలు విండో ఏసీకి కావాల్సిన పనులు ఐదారే: ఆన్, ఆఫ్, మోడు, డిగ్రీలు, ఫ్యాను వేగం, స్వింగ్, టైమరు. ఇవి ఏ రిమోటైనా చేస్తుంది. ఇన్వర్టర్ ఏసీలో చల్లదనాన్ని సగానికి తగ్గించి నడిపే కన్వర్టిబుల్ లాంటి ప్రత్యేక బటన్లుంటాయి. యూనివర్సల్ రిమోట్లలో అవి సాధారణంగా ఉండవు. రిమోటు ఉన్నచోటి ఉష్ణోగ్రత కొలిచి ఏసీకి చెప్పే సెన్సరు ఉన్న రిమోట్లు కూడా కొన్నున్నాయి. మీరు ఆ సదుపాయం వాడుతుంటే దాన్ని కూడా వదులుకోవాల్సి వస్తుంది.

మూడోది విండో ఏసీ వాళ్ళకి మాత్రమే ఉన్న అదృష్టం. స్ప్లిట్ ఏసీ ఎక్కడో గోడ పైన ఉంటుంది, రిమోటు లేకపోతే కుర్చీ ఎక్కి ఫ్లాప్ ఎత్తి ఎమర్జెన్సీ బటన్ వెతకాలి. విండో ఏసీ చేతికందే ఎత్తులోనే ఉంటుంది. రిమోటుతో వచ్చే విండో ఏసీల్లో చాలావాటికి ప్యానెల్ మీదే పవర్, మోడు, పెంచు, తగ్గించు బటన్లుంటాయి. ఒకసారి దగ్గరికెళ్ళి అవి పనిచేస్తున్నాయో లేదో నొక్కి చూడండి. పనిచేస్తుంటే రిమోటు మీకు సుఖం కోసమే, అవసరం కోసం కాదు. చవకది కొని చూసినా నష్టం లేదు.

ఎంత దూరం నుంచి పనిచేస్తుంది, ఎన్ని వేల ఏసీలకు పనిచేస్తుంది అన్న రెండు లెక్కలూ నేనైతే పక్కన పెట్టేస్తాను. గది పది పన్నెండు అడుగులు. వెయ్యి ఏసీల్లో మనకి కావాల్సింది ఒక్కటే.

ఒరిజినల్

కంపెనీ సర్వీసు ద్వారా మోడల్ నంబరు చెప్పి తెప్పించుకునేది. అన్ని బటన్లూ పనిచేస్తాయి, సెట్టింగులేం చేయక్కర్లేదు, పాతదానిలాగే ఉంటుంది. ధర ఎక్కువ, ఎదురుచూపు ఎక్కువ. మన జిల్లాల్లో చాలా కంపెనీల స్పేరు పార్టులు విశాఖపట్నం నుంచి రావాలి. పదేళ్ళు దాటిన మోడల్‌కి దొరకదనే అనుకోండి. ఇన్వర్టర్ విండో ఏసీ కొత్తదైతే మాత్రం దీనికోసం ఆగడం దండగ కాదు.

డూప్లికేటు

కొట్లలో "కంపాటిబుల్" అని కూడా అంటారు. ఒక ప్రత్యేక మోడల్ రిమోటుని బటన్ల వరసతో సహా అచ్చంగా చేసి అమ్మేది. బజార్లో వీటికి అమ్మేవాళ్ళ సొంత నంబర్లుంటాయి, ఒక బ్రాండు పేరు మీదే డజను రకాలు వేలాడుతుంటాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నవి రెండు తీసుకుని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానిలో "స్లీప్" ఉన్నచోట రెండోదానిలో "టర్బో" ఉంటుంది. ఆ ఒక్క బటన్ తేడాకి భాషే మారిపోయి ఉండొచ్చు.

గంటస్తంభం దగ్గర కొట్టాయన నన్నడిగిన మొదటి మాట, "పాత రిమోటు తెచ్చారేటి బాబూ?" నేను తేలేదు. ఉతికినదాన్ని ఎందుకు తేవడమనుకున్నాను. అక్కడే నా మూడువందల ఏభై పోయింది. చచ్చిన రిమోటైనా సరే తీసుకెళ్ళండి. ఒంటి మీద కొన్నిటికి, బ్యాటరీ మూత లోపల కొన్నిటికి నంబరుంటుంది. ఏసీ పక్కన అతికించిన స్టిక్కరు మీది మోడల్ నంబరు ఫోటో తీసుకోండి. రెండూ ఉంటే డూప్లికేటు తప్పడం అరుదు. పాతది పూర్తిగా పోయుంటే, అదే మోడల్ ఏసీ ఫోటోలు నెట్‌లో వెతికి రిమోటు బొమ్మ చూపించండి.

పెద్దవాళ్ళకి ఇదే నా మొదటి ఓటు. వేలికి అలవాటైన బటన్ అలవాటైన చోటే ఉంటుంది.

యూనివర్సల్

ఎక్కువ మంది తడబడేది దీంతోనే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇందులో వందల భాషలు ముందే నింపి ఉంటాయి. మీ ఏసీ భాష ఏదో మీరు చూపించాలి. దానికి రెండు దారులు.

మొదటి దారి కోడు పట్టిక. డబ్బాలో వచ్చే కాగితంలో మీ బ్రాండు పేరు ఎదురుగా మూడంకెల నంబర్లు వరసగా ఉంటాయి. సెట్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే స్క్రీన్ మీద నంబరు మినుకుమంటుంది, పైకి కిందికి బటన్లతో మీ నంబరుకి తెచ్చి ఓకే చేయాలి. రెండోది ఆటో సెర్చ్. రిమోటుని ఏసీ వైపు పట్టుకుని సెట్ బటన్ ఇంకాస్త ఎక్కువసేపు నొక్కితే నంబర్లు వాటంతట అవే పరిగెడతాయి. ఏసీ బీప్ అనగానే ఏదో ఒక బటన్ నొక్కి ఆపాలి. చెయ్యి ఆలస్యమైతే ఒకటి రెండు నంబర్లు దాటిపోతాయి, వెనక్కొచ్చి చూడండి.

బీప్ అనగానే సంబరపడొద్దు. అన్ని బటన్లూ వరసగా నొక్కి ప్యానెల్ మీద అంకె మారుతోందో లేదో చూడండి. ఒక్కటి తేడా చేసినా పట్టికలోని తర్వాతి నంబరుకి వెళ్ళండి. ఆన్‌లైన్లో కొన్న నా యూనివర్సల్ ఏడో కోడు దగ్గర పూర్తిగా కుదిరింది. మధ్యలో ఏసీ ఆన్ అయినా చల్లదనం రాలేదని కంగారుపడొద్దు. కంప్రెసర్ ఒకసారి ఆగాక దాదాపు మూడు నిమిషాలు తిరిగి పట్టుకోకుండా బోర్డే ఆపుతుంది.

ఇంతా చేశాక మా ఇంట్లో వచ్చిన చిక్కు వేరే. యూనివర్సల్ రిమోటు వేడిచ్చే ఏసీలకు కూడా పనిచేయాలి కాబట్టి మోడ్ బటన్ తిరుగుళ్ళలో సూర్యుడి బొమ్మ కూడా వస్తుంది, అది హీట్. మనవైపు విండో ఏసీలు చాలావరకు చల్లదనానికే. సూర్యుడి బొమ్మ పడితే కొన్ని ఏసీలు పట్టించుకోవు, కొన్ని ఉత్త గాలి విసురుతూ కూర్చుంటాయి. అమ్మ ఓ రాత్రి పొరపాటున మోడ్ నొక్కింది. గాలొస్తోంది, చల్లగా లేదు. గ్యాసు అయిపోయిందని మెకానిక్‌ని పిలిచారు. ఆయన మోడ్ రెండుసార్లు నొక్కి మూడొందలు పుచ్చుకుని వెళ్ళాడు. తప్పులేదు, ఎండలో వచ్చాడు కదా.

ఇంకోటి, కొన్ని యూనివర్సల్ రిమోట్లు సెల్లు తీయగానే కోడు మర్చిపోతాయి. కోడు కుదిరిన రోజే రిమోటు వెనక టేపు అంటించి పర్మనెంట్ మార్కర్‌తో రాసేయండి.

"లెర్నింగ్ రిమోటు" అని పాత రిమోటు నుంచి బటన్లు నేర్చుకునే రకం కూడా అమ్ముతారు. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకి చక్కగా పనికొస్తుంది. ఏసీకి మాత్రం, చీటీ సంగతి చెప్పాను కదా, నేర్చుకున్న ఒక్కో బటన్ ఒక్కో చీటీకి నకలు. "24, కూల్, మధ్యస్థం" అని ఒకటి, "ఆఫ్" అని ఒకటి నేర్పుకోవచ్చు, డిగ్రీలు పెంచడం తగ్గించడం సరిగా కుదరదు. ఐతే రెండే రెండు బటన్లు చాలనే పెద్దవాళ్ళకి ఇదే మేలనిపిస్తుంది నాకు. కాకపోతే నేర్పడానికి బతికున్న ఒరిజినల్ రిమోటు అరువు తెచ్చుకోవాలి.

ఫోన్, వై-ఫై పెట్టె

షావోమీ, పోకో ఫోన్లలో చాలావాటికి పై అంచున ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఉంటుంది, అది రిమోటుగా పనికొస్తుంది. యాప్‌లో బ్రాండు ఎంచుకుని, ఏసీ స్పందించేదాకా ఒక్కో నమూనా పరీక్షించడమే. పైసా ఖర్చు లేదు. రిమోటు కొనేముందు యాప్‌తో చూసుకున్నప్పుడు ఏసీ స్పందిస్తే రిసీవరు బతికుందని కూడా తేలిపోతుంది. ఫోన్ ఎవరిదో వాళ్ళు ఆమదాలవలసలో రైలెక్కేస్తే ఇంట్లోవాళ్ళకి రిమోటు లేనట్టే. అందుకని రెండో రిమోటుగా బాగుంటుంది, మొదటిదిగా కాదు.

వై-ఫై ఇన్‌ఫ్రారెడ్ పెట్టె ఇంకో రకం. గదిలో ఏసీకి ఎదురుగా పెడితే విజయనగరంలో కూర్చుని శ్రీకాకుళంలో అమ్మ గది ఏసీ ఆపొచ్చు. విన్నప్పుడు నాకూ నోరూరింది. కానీ ఇదీ చీటీ పంపేదే, చేరిందో లేదో దానికి తెలీదు. వీటిలో ఎక్కువ భాగానికి 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై కావాలి. కరెంటు పోతే రూటరు కూడా పోతుంది, మళ్ళీ వచ్చాక కొన్ని ఏసీలు పాత సెట్టింగుతో వాటంతట అవే మొదలౌతాయి, కొన్ని ఆగే ఉంటాయి. యాప్ రెండిటినీ ఒకేలా చూపిస్తుంది. 2018 తిత్లీ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు కోసం ఎదురుచూసిన జిల్లా ఇది. నేను కొనలేదు.

పక్కపక్కన పెడితే

ధరలు ఈ వేసవిలో నేను అడిగి తెలుసుకున్నవి, కాస్త అటూఇటూ ఉంటాయి.

| రకం | ధర (రూ.) | సెట్టింగు తలనొప్పి | అన్ని బటన్లూ పనిచేస్తాయా | ఎవరికి |
|---|---|---|---|---|
| ఒరిజినల్ | 600–1,500 | లేదు | చేస్తాయి | కొత్త ఇన్వర్టర్ ఏసీ |
| డూప్లికేటు | 250–450 | లేదు, నంబరు సరిపోవాలి | మోడల్ కుదిరితే చేస్తాయి | పెద్దవాళ్ళు |
| యూనివర్సల్ | 200–350 | మొదటిరోజు గంటసేపు | ముఖ్యమైనవి మాత్రం | అద్దె ఇళ్ళు, పాత ఏసీ |
| ఫోన్ | లేదు | కొద్దిగా | ముఖ్యమైనవి | రెండో రిమోటుగా |
| వై-ఫై పెట్టె | 700–1,500 | ఎక్కువ | ముఖ్యమైనవి | దూరం నుంచి నడపాలనుకునేవారు |

నన్నడిగితే

ఇంట్లో అమ్మానాన్నలే ఉంటే డూప్లికేటు. ఒకటి కాదు రెండు కొనండి, రెండోది బీరువాలో పెట్టండి. ఈ ఒక్కచోట మాత్రం పొదుపు చూడొద్దని బావకి కూడా చెప్పాను. విన్నాడు, ఒకటే కొన్నాడు.

అద్దెకుంటూ రెండేళ్ళకోసారి ఇల్లు మారే ఉద్యోగస్తులు, సెకండ్ హ్యాండు విండో ఏసీ కొన్న కుర్రాళ్ళు యూనివర్సల్ తీసుకోండి. ఏసీ మారినా రిమోటు మారదు, కోడు మారుతుందంతే. పాత ఏసీ బ్రాండు స్టిక్కరు చెరిగిపోయి ఏ కంపెనీదో తెలియకపోయినా, నంబర్లు వాటంతట అవే వెతికే ఆటో సెర్చ్‌కి ఆ బాధ లేదు.

లాడ్జి, కోచింగు సెంటరు, డాక్టరుగారి క్లినిక్కు లాంటిచోట్ల నాలుగైదు రకాల ఏసీలుంటే ప్రతి గదికీ ఒకే మోడల్ యూనివర్సల్ కొని, గది నంబరూ కోడూ వెనక రాసిపెట్టండి. పని చేసేవాళ్ళు ఒకటి నేర్చుకుంటే అన్నీ వచ్చినట్టే. ఒకే హాల్లో పక్కపక్కన రెండు ఏసీలుంటే ఒక రిమోటుకి రెండూ పలకొచ్చు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఏసీ రిసీవరుతో పాటు బోర్డు కూడా పోయిందని మెకానిక్ తేలిస్తే, మామూలు విండో ఏసీకి "యూనివర్సల్ పీసీబీ కిట్" వేయొచ్చు. బోర్డు, రిసీవరు, దానికి సరిపడే రిమోటు అన్నీ అందులోనే వస్తాయి. కూలితో కలిపి వెయ్యి పైనే అవుతుంది. ఇన్వర్టర్ ఏసీకి ఇది కుదరదు.

ఏది కొన్నా, ఇంటికెళ్ళి పరీక్షించి పనిచేయకపోతే మారుస్తారా అని బిల్లు రాయకముందే అడగండి. మారుస్తామంటే ఎన్ని రోజుల్లో అన్నది బిల్లు మీదే రాయించుకోండి. ఇంటికెళ్ళాక ఆ పూటే అన్ని బటన్లూ చూడండి. అక్టోబరులో మా విజయనగరం పైడితల్లమ్మ జాతర, సిరిమాను సంబరం అయ్యి చలిగాలి మొదలయ్యాక, రిమోటులోంచి సెల్లు తీసి పక్కన పెట్టండి. ఆరునెలలు లోపలే ఉంటే కారి స్ప్రింగులు తినేస్తాయి, మార్చిలో మళ్ళీ కొట్టుకి పరిగెత్తాలి.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది మూడోది, డూప్లికేటే. ఏడురోడ్ల దగ్గర ఉతికిన రిమోటు చూపించి తెచ్చుకున్నాను. యూనివర్సల్ మాత్రం కిటికీ పక్కన మేకుకి దారంతో వేలాడుతోంది. దాని మోడ్ బటన్ మీద అమ్మ చిన్న ప్లాస్టరు ముక్క అంటించేసింది.